మహిళా వేదిక: పాత నీరు, కొత్త నీరు

ఇటీవల భోజన విరామంలో మా విభాగంలో ఒక చిన్న వాదోపవాదం జరిగింది. కొత్తగా చేరిన యువ ఇంజనీరు ఒకామె, "నన్ను కూడా రాత్రి షిఫ్టులో వేయమని అడగబోతున్నాను. తోటి మగవారికి లేని మినహాయింపు నాకెందుకు?" అన్నది. పదవీ విరమణకు చేరువైన ఒక సోదరి ఆ మాటకు నొచ్చుకొని, "ఆ మినహాయింపు మాకెవరూ ఊరికే ఇవ్వలేదమ్మా. ఏరు దాటి తెప్ప తగలేసినట్లుంది నీ మాట" అన్నారు.

ఇద్దరిలో ఎవరి మాటనూ నేను తోసిపుచ్చలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఇటువంటి వివాదమే నూరేళ్ల క్రితం అమెరికా మహిళా ఉద్యమాన్ని రెండుగా చీల్చిన సంగతి జ్ఞాపకం వచ్చింది.

స్త్రీలకు ఓటు హక్కు కావాలని 1848లో సెనెకా ఫాల్స్ సభ తీర్మానించింది. ఆ కృషికి జీవితాన్ని ధారపోసిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1902లోను, సూసన్ బి. ఆంథొనీ 1906లోను ఆ హక్కును కళ్లజూడకుండానే కన్నుమూశారు. వారి తరువాత జాతీయ ఓటు హక్కు సంఘ బాధ్యతలను 1847లో జన్మించిన అన్నా హోవర్డ్ షా, 1859లో జన్మించిన క్యారీ చాప్మన్ క్యాట్ వహించారు. విజ్ఞాపనలు, సభలు, శాసనసభ్యులతో సంప్రదింపులు, ఒక్కొక్క రాష్ట్రాన్ని ఒప్పించుకుంటూ ముందుకు సాగడం - ఇదే వారి మార్గం. పురుషుల ఓట్లతోనే గెలవవలసిన హక్కు గనుక, ఎవరినీ దూరం చేసుకోరాదని వారి భావన.

1885లో జన్మించిన ఆలిస్ పాల్‌కు ఈ ఓర్పు నచ్చలేదు. ఆమె ఇంగ్లండులో చదువుకొంటూ అక్కడి ఉద్యమంలో పాల్గొని, చెరసాల చవిచూసి 1910లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1913 మార్చి 3న, అధ్యక్షుడు విల్సన్ పదవీ స్వీకారానికి ముందురోజున, వాషింగ్టన్‌లో స్త్రీల మహా ప్రదర్శన జరిపించారు. పెద్దలతో పొసగక మరుసటి సంవత్సరం వేరుపడ్డారు. 1917 జనవరి 10న ఆమె అనుచరులు శ్వేతసౌధం ద్వారాల వద్ద పతాకాలు చేబూని మౌనంగా నిలబడ్డారు. ఏప్రిల్‌లో దేశం యుద్ధంలో దిగినా వారు కదలలేదు. రాకపోకలకు అడ్డు కలిగించారన్న నేరం మోపి అనేకులను జైలుకు పంపారు. నిరశన పూనిన ఆలిస్ పాల్‌కు బలవంతంగా గొట్టం ద్వారా ఆహారం ఎక్కించారు.

పెద్ద తరం దీనిని హర్షించలేదు. యుద్ధకాలంలో ఈ ధర్నాలు దశాబ్దాల కృషిని బూడిదపాలు చేస్తాయని క్యాట్ వర్గం భయపడింది. ఇంత బుజ్జగింపుతో ఇంకెన్నాళ్లని యువతులు ప్రశ్నించారు. చివరకు 1920 ఆగస్టు 18న టెనెసీ రాష్ట్ర ఆమోదంతో 19వ రాజ్యాంగ సవరణ నెగ్గింది. క్యాట్ వర్గం 1917లో న్యూయార్క్ రాష్ట్రాన్ని గెలిచి ఉండకపోతే చట్టసభలో బలం చేకూరేది కాదు. ద్వారం వద్ద నిలిచినవారు లేకపోతే ఆ విషయం అంత త్వరగా చర్చకు వచ్చేదీ కాదు. ఇరువర్గాలకూ సమానమైన లోపం కూడ ఒకటున్నది. నల్లజాతి స్త్రీల విషయంలో రెండు తరాలూ వెనుకంజ వేశాయి. 1913 ప్రదర్శనలో ఐడా బి. వెల్స్‌ను వెనుక వరుసలో నడవమన్నారు. ఆమె అంగీకరించక తన ఇల్లినాయ్ బృందంతోనే నడిచారు.

ఓటు వచ్చిన తరువాత అసలు చిక్కు ఎదురైంది. చట్టం ముందు స్త్రీ పురుషులు సర్వసమానులని 1923లో ఆలిస్ పాల్ మరొక రాజ్యాంగ సవరణను ప్రతిపాదించారు. దానిని గట్టిగా ఎదిరించినవారిలో ఫ్లారెన్స్ కెల్లీ ముఖ్యులు. 1859లో జన్మించిన ఈమె ఓటు హక్కు కోసం పాటుపడినవారే. కర్మాగారాల్లో స్త్రీల పని గంటలు తగ్గించే చట్టాల కోసం ఆమె ఏళ్ల తరబడి శ్రమించారు. చాకిరేవు కర్మాగారాల్లో స్త్రీల పనిని రోజుకు 10 గంటలకు పరిమితం చేసిన ఆరెగన్ రాష్ట్ర చట్టాన్ని సుప్రీంకోర్టు 1908లో సమర్థించింది. సంపూర్ణ సమానత్వం పేరిట అటువంటి రక్షణలన్నీ కొట్టుకుపోతాయని కెల్లీ భయం. అది ఉత్త భయం కాదు. 1923లోనే సుప్రీంకోర్టు స్త్రీల కనీస వేతన చట్టమొకదానిని కొట్టివేస్తూ, ఓటు హక్కు వచ్చినందున స్త్రీ పురుషుల మధ్య భేదాలు తగ్గిపోయాయని పేర్కొన్నది. అయితే ఆలిస్ పాల్ వాదంలోనూ సత్యమున్నది. రక్షణ పేరిట విధించిన నిషేధం మంచి జీతమున్న ఉద్యోగాలకు తలుపులు మూసివేస్తుంది.

మన దేశంలోనూ ఇదే చర్చ సాగింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ సాయంత్రం 7 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు కర్మాగారాల్లో స్త్రీల చేత పని చేయించరాదన్నది. 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేస్తూనే, ప్రయాణ సౌకర్యం, భద్రత వంటి షరతులు విధించింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా స్మృతి కూడ స్త్రీ సమ్మతితో, రక్షణ ఏర్పాట్లతో రాత్రి పనికి వీలు కల్పించింది. సమ్మతి అన్న మాటలో ఆలిస్ పాల్, ఏర్పాట్లు అన్న మాటలో ఫ్లారెన్స్ కెల్లీ నాకు కనిపిస్తారు.

మరునాడు ఈ కథంతా మా వారిద్దరికీ చెప్పాను. యువ ఇంజనీరు తన దరఖాస్తును విరమించుకోలేదు. అయితే దానిని పెద్దావిడ చేతికిచ్చి, "అక్కయ్యా, ఇందులో ఇంకేమి అడగాలో మీరు చెప్పండి" అన్నది. ఆమె కళ్లజోడు సవరించుకొని, రాత్రి వాహనం, విశ్రాంతి గది, గేటు వద్ద దీపాలు, తోడుగా కనీసం మరొక మహిళా ఉద్యోగి అని వరుసగా నాలుగు అంశాలు వ్రాయించారు. ఆ కాగితం మీద ఇప్పుడు ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.