ఐదో మడి సంగతేమిటి?

2025 వానాకాలం. మా మామ మక్కజొన్న విత్తనాల సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. "అల్లుడా, నువ్వు పిల్లలకు చదువు చెప్పేటోడివి. దీని మీద ఏం రాసిందో చెప్పు" అన్నాడు. సంచి మీద అంతా ఇంగ్లీషే. మామకు అర్థమైంది ధర ఒక్కటే.

విత్తనం మొలిచింది. మోకాలెత్తు పెరిగింది. అప్పుడే యూరియా కరువొచ్చింది. జనం చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టి ఎదురుచూశారు. మా మామది పట్టా రాని పోడు. పాసు పుస్తకం లేదని ఉత్త చేతులతో పంపారు. కంకుల్లో గింజ సగమే నిండింది. విత్తనం అమ్మినాయన "మా విత్తనం మంచిదే, మీరే యూరియా వేయలేదు" అన్నాడు. ఎరువుల దుకాణపాయన "యూరియా మంచిదే, మీ వాలు నేలే మంచిది కాదు" అన్నాడు. అందరిదీ మంచిదే. అప్పు మాత్రం మామది.

ఇప్పుడు ఇంకో మాట వినబడుతోంది. విత్తనానికి కిరణాలు పట్టించి, నత్రజని బాగా వేస్తే మక్కజొన్న దిగుబడి పెరుగుతుందని. వినగానే మనోళ్లలో కొందరు "కిరణాలు పట్టిన విత్తనం విషం" అంటున్నారు. అది తప్పు. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు గింజలోంచి దూసుకుపోతాయి. గింజలో అవి నిలవుండవు. 1928 నాటికే అమెరికాలో స్టాడ్లర్ అనే శాస్త్రవేత్త బార్లీ మీద, మక్కజొన్న మీద ఎక్స్ కిరణాలు పంపి గుణాలు మారతాయని చూపాడు. మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఇచ్చిన టీఏజీ-24 వేరుశనగ కూడా ఆ దారిలో వచ్చిందే. భయపడి శాస్త్రానికి దూరంగా జరిగితే నష్టం మనకే.

కానీ వేరుశనగ వేరు, మక్కజొన్న వేరు. వేరుశనగ తన పూవులో తానే ఫలదీకరణ చెందుతుంది. మంచి రకం ఒకసారి చేతికొస్తే మరుసటేడు మన గాదెలోంచే విత్తుకోవచ్చు. మక్కజొన్న పుప్పొడి గాలికి పక్క చేలకు పోతుంది. సంకర విత్తనం పంటను మళ్లీ విత్తితే తల్లి గుణం నిలవదు. ఇక విత్తే ముందు కొద్దిపాటి కిరణాలు పట్టిస్తే మొలక చురుకుగా రావచ్చు. ఆ మేలు ఆ ఒక్క పంటకే. మోతాదు మించితే మొక్క గిడసబారుతుంది, చస్తుంది. అంటే ఏటా విత్తనం కొనాలి, ఏటా కిరణాలు పట్టించాలి, ఏటా యూరియా కోసం వరుసలో నిలబడాలి. ఇది దిగుబడి పెంచడమా, మెడకు తాడు పెంచడమా?

యూరియా లెక్క కూడా చూద్దాం. 45 కిలోల సంచిలో నత్రజని 46 శాతం, అంటే 21 కిలోలకు కాస్త తక్కువ. మట్టిలో కలపకుండా పైపైన చల్లితే కొంత గాలిలో కలుస్తుంది. పెద్ద వాన పడితే మన వాలు చెలకల్లోంచి కొంత వాగులోకి పోతుంది. సంచికి డబ్బు మనం కడతాం, నత్రజని వాగు తాగుతుంది.

కిరణాలూ నత్రజనీ కలిపి వేసి, దిగుబడి పెరిగిందంటే ఏది పెంచినట్టు? మా అయిదో తరగతి పిల్లాడు కూడా అడుగుతాడు. నాలుగు మడులు కావాలి. ఏదీ వేయనిది, కిరణాలు మాత్రమే పట్టించింది, నత్రజని మాత్రమే వేసింది, రెండూ ఉన్నది. పరిశోధకులకు ఇది తెలుసు. కానీ వాళ్ల మడులు చదునైన నేలలో, బోరు పక్కన ఉంటాయి. మాకు ఐదో మడి కావాలి. అది మా పోడు వాలు మీద, వాన నీటితోనే, మక్కజొన్న సాళ్ల మధ్య కంది, బొబ్బర్లు వేసిన మడి. ఆ పప్పుజాతి మొక్కలు వేరు బొడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. మన తాతలకు నత్రజని పేరు తెలియదు, పని తెలుసు. ఆ మడిలో క్వింటాళ్లు మాత్రమే లెక్కపెట్టవద్దు. పెట్టుబడి పోగా చేతికెంత, ఇంట్లో పప్పెంత, అప్పెంత అని లెక్కపెట్టండి.

"గిరిజనులకు శాస్త్రం తెలియదు" అనే సార్లకు ఒకటే మాట. మా చెలకను కొలవకుండా మాకు సలహా చెప్పేదే సగం శాస్త్రం.

అడగడానికి మనకు చట్టమూ ఉంది. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం మన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. నమోదైన రకం చెప్పినంత పండకపోతే పరిహారం అడగవచ్చు. రెండు మూడేళ్లు గింజ దాచి విత్తుకోగల కాంపోజిట్ మక్కజొన్న రకాలున్నాయి. వాటిని మన ఊళ్లకు ఎందుకు తేరు?

అన్నలారా, అక్కలారా, విత్తనాల పండుగ నాడు తలా పిడికెడు గింజలు తెచ్చి కలిపి, పంచుకుని విత్తిన జాతి మనది. ఈసారి గ్రామసభలో సంచి పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరినీ అడగండి: ఈ గింజ మరుసటేడు మా పిడికిట్లో ఉంటుందా? సంచి మీద రాసింది మా భాషలో ఉందా? మా ఐదో మడి ఎక్కడ?