సూసన్ ఏమయింది?

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన మీ జాబుల కట్టలో ఒకదాని మీద సిరా అక్కడక్కడా అలుక్కుపోయి ఉంది. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి వ్రాసింది: "మామయ్యా, నార్నియా కథల్లో చివరి పుస్తకం నిన్న రాత్రి పూర్తి చేశాను. ముందు ఏడుపు వచ్చింది, తరవాత కోపం వచ్చింది. అందరినీ తీసుకుపోయి సూసన్‌ను మాత్రం ఎందుకు వదిలేశారు? నేను పెద్దదాన్నయితే నాకూ అంతేనా?"

ఈ ప్రశ్న ఆ అమ్మాయి ఒక్కతెదే కాదు. అందుకే జవాబు అందరికీ చెబుతున్నాను. చివరి పుస్తకం ఇంకా చదవనివాళ్లు మాత్రం ఈ పేజీ మడిచి దాచుకోండి. ముందు పుస్తకం, తరవాతే మామయ్య!

ఈ కథలు వ్రాసిన సి. ఎస్. లూయిస్ 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులోనూ, తరవాత కేంబ్రిడ్జిలోనూ పనిచేశాడు. పదహారేళ్ల వయసులో ఆయన మనసులో ఒక బొమ్మ మెదిలింది: మంచు కురిసిన అడవిలో గొడుగు వేసుకుని, పొట్లాలు పట్టుకుని నడిచిపోయే ఒక వింత జీవి. నడుము పైన మనిషి, కింద మేక. ఆ బొమ్మ పుస్తకమయ్యే నాటికి ఆయనకు యాభై దాటింది. 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు వచ్చాయి. అంటే, ఎనిమిదేళ్లప్పుడు మొదటిది చదివిన పిల్ల, చివరిది చేతికి వచ్చేసరికి పధ్నాలుగేళ్లది అయిందన్నమాట!

బట్టల బీరువాలోంచి నార్నియాలోకి వెళ్లిన నలుగురు పిల్లల్లో సూసన్ రెండవది. ఆమె అక్కడ రాణి అయింది. విల్లు ఎక్కుపెడితే గురి తప్పదు. ఆపదలో ఊదితే ఎక్కడినుంచో సహాయం తెచ్చే కొమ్ముబూర కూడా ఆమెదే.

ఇక చివరి పుస్తకం. పులితోలు కప్పుకున్న గాడిద కథ మన పంచతంత్రంలో మీరు చదివే ఉంటారు. ఇక్కడ ఒక కోతి, అమాయకపు గాడిదకు సింహం తోలు కప్పి, ఇదే మన అస్లాన్ అని లోకాన్ని నమ్మిస్తుంది. ఆ మోసంతో నార్నియా కూలిపోతుంది. నక్షత్రాలు రాలిపోతాయి, సూర్యుడు ఆరిపోతాడు, తలుపు మూసుకుంటుంది. ఆ తలుపుకు ఇవతల, ఇంకా అందమైన లోకంలో, పాత స్నేహితులంతా కలుసుకుంటారు. సూసన్ మాత్రం ఉండదు. నార్నియా అంతా చిన్ననాటి ఆట అనేసిందట. ఆమెకు ఇప్పుడు విందులూ, నైలాను మేజోళ్లూ, పెదవుల రంగూ తప్ప మరేమీ పట్టవట. ఆ మాట చెప్పి కథ ముందుకు పోతుంది.

ఇక్కడే మన అమ్మాయికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. అన్నదమ్ములూ, చెల్లెలూ, తల్లిదండ్రులూ ఒకే రైలు ప్రమాదంలో పోయి, సూసన్ ఇంగ్లండులో ఒంటరిగా మిగిలింది. అంత దుఃఖం పడే పిల్లకు నాలుగు వాక్యాలేనా?

ఈ మాటే అప్పటి పిల్లలు కూడా అడిగారు. లూయిస్ పిల్లల జాబులకు ఓపికగా జవాబు వ్రాసేవాడు. వాటిలో కొన్ని 1985లో పుస్తకంగా కూడా వచ్చాయి. 1957లో ఒక కుర్రవాడికి ఆయన చెప్పినదేమిటంటే: సూసన్ బతికే ఉంది, మారటానికి ఆమెకు బోలెడు కాలం ఉంది, తనదైన దారిలో ఆమె కూడా అక్కడికి చేరవచ్చు. 1960లో మరొకరికి వ్రాస్తూ, సూసన్ ప్రయాణం పెద్దల నవలంత పొడుగవుతుంది, అది తాను వ్రాయలేనన్నాడు. ఆ పైన, నువ్వే వ్రాసి చూడరాదా అని అడిగాడు!

ఆయన కథల్లోనే చూడండి. ఎడ్మండ్ మిఠాయికి ఆశపడి తోడబుట్టినవాళ్లనే శత్రువుకు పట్టిచ్చాడు. అతన్ని క్షమించారు. యూస్టస్ దురాశతో మహాసర్పమైపోయాడు. అతను మళ్లీ మనిషయ్యాడు. వాళ్లకు తెరుచుకున్న తలుపు సూసన్‌కు తెరుచుకోదా?

ఇక "పెద్దదాన్నయితే నాకూ అంతేనా?" అన్న ప్రశ్న. కాదమ్మా! పెద్దవడం తప్పు కాదు. మంచి చీర కట్టుకోవాలని, విందుకు వెళ్లాలని అనిపించడం కూడా తప్పు కాదు. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్నదాన్ని, నలుగురూ నవ్వుతారని "అబ్బే, ఉత్త ఆట" అనేయడమే తప్పు. లూయిస్ కూడా పదేళ్లప్పుడు ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి మాయకథలు చాటుగా చదివేవాడట. యాభై ఏళ్లకు అందరి ఎదుటా చదివాడు. మొదటి పుస్తకాన్ని లూసీ అనే అమ్మాయికి అంకితమిస్తూ, ఇది పూర్తయేలోపు నువ్వు ఎదిగిపోయావు, అయినా ఇంకా ఎదిగాక మళ్లీ ఇటువంటి కథలు చదువుతావులే అన్న అర్థంలో వ్రాశాడు. ఆ మాట సూసన్‌కు కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

లూయిస్ 1963లో చనిపోయాడు. సూసన్ కథ ఆయన వ్రాయలేదు. అందుకే ఈ నెల మీకు ఒక పని. ఆ కొమ్ముబూర ఒకరోజు సూసన్‌కు మళ్లీ దొరికిందనుకోండి. ఆమె ఊదుతుందా? ఊదితే ఎవరు వస్తారు? ఒక పేజీకి మించకుండా వ్రాసి పంపండి. సిరా అలుక్కుపోయినా ఫరవాలేదు, నేను చదువుకుంటాను.

మీ మామయ్య