జారిపడినాడని రాయించొద్దు



ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య రోడ్డు మీద బతికే కలమల్ల, చుట్టుపక్కల ఊర్ల మనుషులం మనం. థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద బల్కర్లు, ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లారీలు, గనుల నుంచి బండల ట్రాక్టర్లు, వాటి సందుల్లో మన మోటారు సైకిళ్లు. ఆ బూడిద ఎవరి లారీల్లో పోవాలని 2024 నవంబరులో జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు పంతాలకు పోతే పేపర్లు రోజూ రాసినాయి. లారీ తగిలి కాలు పోగొట్టుకున్నోడి గురించి రాసేది మాత్రం ఒకే చోట, ఆస్పత్రి కేస్‌షీట్‌లో. అందులో ఏం రాస్తారన్నదే ఈ కరపత్రం.

ప్రమాదమైన గంటకు ఏం జరుగుతుందో మీకు తెలుసు. 108లో ప్రొద్దుటూరుకు పోతాం. వెనకాలే లారీ ఓనరు మనిషి వస్తాడు. మర్యాదస్తుడే, చేతిలో కొంత డబ్బు పెడతాడు. "కేసులెందుకున్నా, బండి మీద నుంచి జారిపడినాడని చెప్పు, ఖర్చులు మేం చూసుకుంటాం" అంటాడు. కళ్ల ముందర మనిషి అరుస్తావుంటే ఎవరికేం తోస్తుంది? సరే అంటాం. డాక్టరు అదే రాస్తాడు. ఆ చూసుకోవడం మొదటి ఆపరేషన్‌తో ఆగిపోతుంది. తర్వాత మనం కోర్టుకు పోతే, ఇన్సూరెన్సు వాళ్ల లాయరు బయటికి తీసే మొదటి కాగితం మనం చెప్పి రాయించిన ఆ ముక్కే.

మన సీమలో కేసు పెట్టడమంటే పగ పెట్టుకోవడమని ఒక లెక్క ఉంది. ఇది ఆ లెక్క కాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా లారీ రోడ్డెక్కడమే నేరం. అది ఉంటే పరిహారం కట్టేది ఆ కంపెనీ, ఓనరు జేబు కాదు. ఆయన మీద మనం దయ చూపితే మిగిలేది కంపెనీకే.

కాబట్టి ఏ బండి తగిలిందో, యాడ తగిలిందో ఆస్పత్రిలో ఉన్నదున్నట్టు చెప్పండి. పోలీసు కేసుగా రాయమని అడగండి. ఆ రోజు స్టేషనుకు పోలేకపోతే తెల్లారి పోండి. ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం కాదనకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అట్లని నెలలు జరపొద్దు. క్లెయిము ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. దాని మీద సవాలు నడుస్తోంది, గడువు దాటిందని కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా చెప్పింది కూడా. మధ్యంతరాన్ని నమ్ముకొని కూర్చుంటారా?

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అదే 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు పంపాలి. అడిగేవాళ్లు లేకపోతే ఏ గడువైనా కాగితం మీదే ఉంటుంది.

మన కలమల్ల చెన్నకేశవస్వామి గుడి దగ్గరి శాసనం 575 నాటిది, తెలుగులో మొదటిదని చెప్పుకుంటాం. రాతి మీద చెక్కిన అక్షరాలే అరిగిపోయినాయి. రోడ్డు మీద టైరు గీత ఎన్ని రోజులుంటుంది? బండి కదలకముందే నంబరు, రోడ్డు, చుట్టూ నిలబడిన జనం ఫోటోలో పడాలి. తీసిన ఫోను నుంచి ఆ ఫోటో చెరపొద్దు, వాట్సాప్‌లో తిరిగినదానికి తేదీ పోతుంది. సాక్షిగా ఇరుక్కుంటామని భయపడేవాళ్లకు ఒక మాట: గాయపడినోణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లు పేరు చెప్పాలని బలవంతం చేయకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ ఆధారంగా నిబంధనలున్నాయి.

కూలికి పోయేవాళ్లకు జీతం చీటీ యాడిది అంటారు. నిజమే. కానీ మేస్త్రీ ఫోన్‌పే చేసిన డబ్బులు, థర్మల్ గేటు పాసు, పీఎఫ్ నంబరు, పాలకేంద్రం పుస్తకం, ఈ-క్రాప్ రసీదు, ఇవన్నీ సంపాదనకు సాక్ష్యాలే. ఏమీ లేకపోయినా దారి మూసుకుపోదు. కర్ణాటకలో కాలు పోయిన కూరగాయల వ్యాపారికి కాగితాలు లేకున్నా నెలకు 6,500 సంపాదన కింద సుప్రీంకోర్టు 2014లో లెక్కగట్టింది. చేయి పోయినోడి సర్టిఫికెట్‌లో 60 శాతం వైకల్యం అని ఉండొచ్చు, కానీ ఆ చేత్తోనే బతికే డ్రైవరుకు పోయింది దాదాపు మొత్తం బతుకేనని 2010 నాటి ఇంకో తీర్పు. బండలు కోసేవాడికైనా అంతే. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు పోయినప్పుడు ఏ పని చేసేవారో కూడా రాసి పెట్టుకోండి.

ఇదంతా ఒక్కో ఇల్లు ఒంటరిగా మోయలేదు. వచ్చే గ్రామసభలో మూడు తీర్మానాలు అడుగుదాం. సచివాలయంలో ప్రమాదాల పుస్తకం పెట్టాలి, మహిళా పోలీసు అదే రోజు తేదీ, స్థలం, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు రాయాలి. నివేదికల నకలు బాధిత కుటుంబానికి ఇవ్వమని పోలీసులకు ఊరి తరఫున లేఖ పోవాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బూడిద ఎత్తిన ప్రతి బల్కరూ కాటా మీదికి ఎక్కే బయటికి పోతుంది. చీటీ మీద నంబరుంటుంది, సమయముంటుంది. గుద్ది ఆగకుండా పోయిన లారీ ఏదో ఆ చీటీలు చూస్తే వెదుక్కోవచ్చు. బండి దొరక్కపోతే చట్టం ఇచ్చేది చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, అంతే. గేటు కెమెరాల్లో బొమ్మ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. అందుకే ప్రమాదం జరిగిందని ఊరు రాసిచ్చిన వెంటనే ఆ రోజు కాటా చీటీలు, కెమెరా రికార్డు పక్కన పెట్టాలని థర్మల్‌నూ, సిమెంటు ఫ్యాక్టరీలనూ కోరుతూ తీర్మానం చేద్దాం.

లాయరు ఖర్చుకు భయపడేవాళ్లు ప్రొద్దుటూరు కోర్టులో న్యాయసేవల కమిటీని అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఉచితం. ట్రిబ్యునల్ మీరు కాపురముండే చోటిదైనా చాలు.

గ్రామసభకు దండోరా వేసిన రోజు, ఇంట్లో పాత ప్రమాదాల కాగితాలు ట్రంకుపెట్టె అడుగున ఉన్నా సరే, తీసుకొని రండి.