వారం మధ్యలో హాలు తెరుద్దాం

మే నెల మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినోత్సవం. అమెరికాలో మన తెలుగు ఇళ్ళకు అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేదీ దాదాపు ఈ రోజుల్లోనే. చలి తగ్గిందని, పిల్లలకు సెలవులు దగ్గర పడ్డాయని విజిటర్ వీసా మీద దిగుతారు. మొదటి పదిరోజులూ నయాగరా, గుళ్ళు, విందులు. ఆ తరువాత అసలు రోజులు మొదలవుతాయి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు వెళ్ళిపోతే ఇంట్లో చప్పుడే ఉండదు. కారు నడపలేరు. నడిచి వెళ్ళే దూరంలో కూరగాయల కొట్టు ఉండదు. జీవితమంతా వీధి అరుగు మీద పదిమందిని పలకరించినవాళ్ళకు ఇక్కడి వీధిలో మనిషే కనిపించడు. సాయంత్రం మనం వచ్చి “ఎలా గడిచింది నాన్నా?” అంటే “బాగానే గడిచిందిరా” అంటారు. ఆ మాట మనం నమ్మేస్తాం.

ఆ పగటిపూట గురించే ఈ సంపాదకీయం. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనం మీద ప్రత్యేక నివేదిక వెలువరించారు. మనుషులతో పొత్తు తగ్గితే గుండెజబ్బు, పక్షవాతం, పెద్దవయసులో మతిమరుపు వచ్చే అవకాశాలు పెరుగుతాయని అందులో ఉంది. మన పెద్దవాళ్ళ బీపీ మాత్రలు, షుగరు మాత్రలు లెక్కపెట్టి ఆరునెలలకు సరిపడా తెప్పిస్తాం. మాట్లాడే మనుషులను మాత్రం తెప్పించం.

దీనికి ఒక మంచి ఉపాయం ఇండియాలోనే పుట్టింది. డాక్టర్ మదన్ కటారియా ముంబయిలో వైద్యుడు. నవ్వు ఆరోగ్యానికి మంచిదని ఒక పత్రికకు వ్యాసం రాస్తూ, రాయడమెందుకు, చేసి చూద్దామనుకున్నారు. 1995 మార్చి 13న అంధేరీలోని లోఖండ్‌వాలా కాంప్లెక్స్ పార్కుకు వెళ్ళి అక్కడ నడిచేవాళ్ళను పిలిచారు. మొదటిరోజు చేరినవాళ్ళు ఐదుగురు. ఒకరి తరువాత ఒకరు జోకులు చెప్పుకున్నారు. కొద్దిరోజులకే మంచి జోకులు అయిపోయాయి, ఒకరిని నొప్పించేవి, బూతులు మిగిలాయి. అప్పుడాయన జోకులు మానేసి, కారణం లేకుండానే నవ్వుదామన్నారు. ఆయన భార్య మాధురి యోగా నేర్పేవారు. ఆమె దగ్గరి ప్రాణాయామం దీనికి తోడైంది. అలా తయారైన హాస్యయోగం ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. హైదరాబాదులోనో విశాఖలోనో పొద్దున్నే పార్కుకు వెళ్ళేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

చూడనివాళ్ళ కోసం: అందరూ గుండ్రంగా నిలబడి “హో హో, హా హా హా” అని తాళంగా చప్పట్లు కొడతారు. మధ్యమధ్య చేతులు పైకెత్తి దీర్ఘంగా ఊపిరి తీసి వదులుతారు. ఆపైన నమస్కారం పెడుతూ ఎదుటివారి కళ్ళలోకి చూసి నవ్వడం, నాలుక బయటపెట్టి సింహంలా నవ్వడం, సెల్‌ఫోన్ చెవిన పెట్టుకున్నట్టు నటిస్తూ నవ్వడం. ఇరవై నిమిషాలు చాలు. చివర కళ్ళు మూసుకుని విశ్రాంతి. చాప అక్కర్లేదు, మోకాళ్ళు నొప్పైతే కుర్చీలో కూర్చునే చేయవచ్చు. భాష కూడా అక్కర్లేదు. పక్కింటి గుజరాతీ బామ్మ, చైనా తాతగారు కూడా వచ్చి చేరవచ్చు.

మొదట్లో సిగ్గేస్తుంది. మన పెద్దావిడలకు మరీను. భరతుడి నాట్యశాస్త్రం నవ్వును ఆరు రకాలుగా విడదీసి, స్మితం, హసితం ఉత్తములకు, అపహసితం, అతిహసితం అధములకు అని పంచిపెట్టింది. శాస్త్రం చదవని ఇళ్ళలోనూ ఆ లెక్కే నడిచింది. పళ్ళు కనిపించేలా నవ్వితే ఆడపిల్లకు చీవాట్లు పడేవి. డెబ్బై ఏళ్ళు పమిట చెంగు అడ్డుపెట్టుకుని నవ్విన అమ్మకు నలుగురి మధ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వే చోటు ఒకటి దొరకడం చిన్న సంగతి కాదు. హాస్యయోగం చేసే మేళ్ళలో నేను దీన్నే ముందు చెబుతాను, ఏ పరీక్షలోనూ కొలవకపోయినా సరే.

కొలిచినవీ ఉన్నాయి. నవ్వేటప్పుడు ఊపిరి ఎక్కువగా బయటికి పోతుంది, డయాఫ్రమ్, పొట్ట కండరాలు గట్టిగా పనిచేస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం కలిసి నవ్వినవాళ్ళు ఆ తరువాత నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారని గమనించింది. ఎండార్ఫిన్ల వల్ల కావచ్చని వాళ్ళ ఊహ. టెహ్రాన్‌లో దిగులుతో ఉన్న పెద్దవయసు స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2011లో అచ్చయింది. హాస్యయోగం చేసినవాళ్ళకు, వ్యాయామం చేసినవాళ్ళకు కూడా దిగులు తగ్గింది, రెంటికీ పెద్ద తేడా లేదు. ఇవన్నీ చిన్న అధ్యయనాలు. నవ్వితే షుగరు పోతుంది, క్యాన్సరు తగ్గుతుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలకు వీటిలో ఆధారం లేదు. ఎవరూ మందులు మానకూడదు.

“నకిలీ నవ్వుకూ నిజం నవ్వుకూ శరీరానికి తేడా తెలియదు” అని హాస్యయోగం క్లబ్బుల్లో అంటుంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. కావాలని నవ్విన నవ్వును విన్నప్పుడు మెదడు వేరుగా స్పందిస్తుందని లండన్‌లో సోఫీ స్కాట్ పరిశోధనలు చూపించాయి. అయితే ఈ పద్ధతి నిలబడింది వేరే బలం మీద. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్పై రెట్లు ఎక్కువగా నవ్వుతాడని నవ్వు మీద పరిశోధించిన రాబర్ట్ ప్రొవైన్ తేల్చారు. నటనగా మొదలుపెట్టిన నవ్వు పక్కవాళ్ళ మొహం చూసేసరికి నిజమైపోతుంది. అందుకే యూట్యూబ్ వీడియో పెట్టి “అమ్మా, చూస్తూ చెయ్యి” అని మనం ఆఫీసుకు వెళ్ళిపోతే ఏమీ జరగదు. మందు ఉన్నది ఆ నలుగురిలో.

కాబట్టి మన తెలుగు సంఘం కార్యవర్గం ముందు, మీ అందరి ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఉగాదికి, దీపావళికి వేల డాలర్లు పెట్టి హాళ్ళు అద్దెకు తీసుకుంటాం. ఈ వేసవి నుంచి వారం మధ్యలో ఒక పొద్దున, గుడి హాలో లైబ్రరీ గదో, రెండు గంటలు మన పెద్దవాళ్ళ కోసం తెరుద్దాం. ఇరవై నిమిషాలు హాస్యయోగం, తరువాత కాఫీ, ఉప్మా, మిగతా సేపంతా కబుర్లు. హెర్నియా, గ్లకోమా, మూర్ఛ, అదుపులో లేని బీపీ, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడగకుండా నవ్వుల్లో చేరకూడదు. కబుర్లకు మాత్రం అందరూ రావచ్చు.

హాలు దొరుకుతుంది, నేర్పేవాళ్ళూ దొరుకుతారు. కావలసింది కార్లు. ఇంటి నుంచి పనిచేసే రోజున ఓ అరగంట వీలు చేసుకుని, దారిలో ముగ్గురు నలుగురిని ఎక్కించుకుని హాలు దగ్గర దింపగలవాళ్ళు, మళ్ళీ ఇంటికి చేర్చగలవాళ్ళు కార్యవర్గంలో ఎవరికైనా ఒక మాట చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేకపోయినా సరే.