టీం ప్రాజెక్టులో మీ స్వరం వినిపిస్తోందా?

మీ రెజ్యూమె ఓసారి తీయండి. 'టీం ప్రాజెక్టు, నలుగురు సభ్యులు' అన్న లైను ఉందా? ఉంటే, ఇంటర్వ్యూలో రాబోయే ప్రశ్న ఇప్పుడే చెప్తాను: 'అందులో నువ్వేం చేశావు?'

నన్ను ఆ ప్రశ్న అడిగితే నోట మాట రాలేదు. ఫైనలియర్‌లో నలుగురం కలిసి వెబ్‌సైట్ చేశాం. కోడంతా ఒక్కడే రాశాడు. నేను పీపీటీ చేసి, రిపోర్టు బైండింగ్ చేయించాను. 'మేం చేశాం సార్' అన్నాను. 'మీ సంగతి సరే, నువ్వు?' అన్నారాయన. ఉద్యోగం రాలేదు. మంగళగిరిలో బస్సు దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ చెవిలో అదే మాట.

కొన్నేళ్లకు 'డ్రీమ్' అనే ఆల్బం విన్నాను. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్, కెనడాకు చెందిన గిటారిస్టు, మ్యూజిక్ ప్రొడ్యూసర్ మైకేల్ బ్రూక్ కలిసి చేశారు. 1995లో రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసింది. బ్రెజిల్ తాళవాద్య కళాకారుడు నానా వాస్కొన్సెలోస్, ఇంగ్లండ్ వయొలిన్ విద్వాంసుడు నైజల్ కెన్నెడీ కూడా ఉన్నారు. కర్ణాటక సంగీతం, జాజ్, రాక్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అయినా కళ్లు మూసుకుని విన్నా మాండలిన్ ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

ఎలా సాధ్యమైంది? ఇద్దరూ ఖాళీ చేతులతో రాలేదు. మీటిన స్వరం కావాల్సినంతసేపు మోగుతూనే ఉండే 'ఇన్ఫినిట్ గిటార్'ను బ్రూక్ తయారుచేశాడు. 1987లో యూటూ బృందం దాన్ని తమ హిట్ పాటలో వాడుకుంది. 1990లో నుస్రత్ ఫతే అలీఖాన్ ఆల్బం 'మస్త్ మస్త్'కు ఆయనే ప్రొడ్యూసర్.

శ్రీనివాస్ ఆరేళ్లకే నాన్న మాండలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, దాన్ని తీగల మీద పలికించేవాడు. మామూలు మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. స్వరం త్వరగా ఆగిపోతుంది, గమకాలు పలకడం కష్టం. అందుకే ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారాడు. 1978లో మన గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. గుడివాడ నుంచి 'డ్రీమ్' దాకా 17 ఏళ్లు.

'అన్నా, మాకు 17 ఏళ్లు లేవు, ప్లేస్‌మెంట్స్ నెత్తిమీదున్నాయి. పైగా కంపెనీలు టీంవర్కే అడుగుతున్నాయి' అంటారా? నిజమే. టీంవర్క్ అంటే అందరి మధ్యలో దాక్కోవడం అనుకోవద్దనే నా బాధ. మన ఊరి చీరే చూడండి. రంగు అద్దేది ఒకరు, పడుగు పట్టేది ఒకరు, గుంట మగ్గం మీద నేసేది ఇంకొకరు. ఎవరిని అడిగినా తన పని చేత్తో చూపిస్తారు. మీ ప్రాజెక్టులోనూ అంతే. లాగిన్ పేజీ కానీ, డేటాబేస్ కానీ, టెస్టింగ్ కానీ, ఏదో ఒకటి మొత్తం మీ చేతికి తీసుకోండి. ఎక్కడ ఆగింది, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది చెప్పగలగాలి. నా పీపీటీ గురించి కూడా అలా చెప్పగలిగి ఉంటే ఆ రోజు తలదించుకునేవాణ్ని కాదు.

ఈ రాత్రే ఆ లైను కింద మీరు చేసిన పని ఒక్క వాక్యంలో రాయండి. రాయడానికేమీ లేదా? సెమిస్టర్ ఇంకా అయిపోలేదు. రేపు పొద్దున్నే మీ టీం దగ్గరికెళ్లి ఒక మాడ్యూల్ అడిగి తీసుకోండి.