మీకు కాఫీ ఎలా ఉండాలండీ?

మా ఇంట్లో ఎవరికి కాఫీ ఎలా ఉండాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మావారికి పొగలు కక్కుతూ, పైన నురగతో, పంచదార చెంచాకి కొంచెం తక్కువగా. మరిదిగారు వస్తే డికాషన్ ఎక్కువ, పాలు తక్కువ. మావయ్యగారు ఉన్నప్పుడు పేపరు వచ్చాకే, ఆయన స్టీలు గ్లాసులోనే. మా అమ్మాయికి ఐసు ముక్కలు వేసి చల్లగా. అత్తయ్యగారికి బాగా పల్చగా. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని, చెయ్యి దానంతట అదే కలిపేస్తుంది.

"మరి మీకు ఎలా ఉండాలండీ?" అని ఒక కాఫీ షాపులో కుర్రాడు అడిగితే మాత్రం నాకు జవాబు దొరకలేదు. "ఎలా ఉన్నా ఫర్వాలేదు బాబూ" అనేశాను. అన్నాక నాకే సిగ్గేసింది. తెలుగులో బి.ఏ. చేసినదాన్ని, మాటల కోసం తడుముకునే అలవాటు లేదు. అసలు అక్కడ తడుముకోవాల్సినంత పెద్ద ప్రశ్న ఏముందని?

ఈ మధ్య మా విశాఖలో ఇలాంటి చిన్న కాఫీ షాపులు బాగానే వచ్చాయి. ఊరూరా బ్రాంచీలుండే కంపెనీ షాపులు కావు. ఒకరో ఇద్దరో కుర్రవాళ్ళు సొంతంగా పెట్టుకున్నవి. బోర్డు మీద "స్పెషాల్టీ కాఫీ" అని ఉంటుంది. అది గొప్ప కోసం పెట్టుకున్న పేరేనేమో అనుకునేదాన్ని. కాదట. రుచి చూడడంలో శిక్షణ పొందినవాళ్ళు కాఫీకి వందకి మార్కులు వేస్తారట. 80, ఆపైన వస్తేనే ఆ పేరు. మన పిల్లల డిస్టింక్షన్ లాంటిదన్నమాట.

అలాంటి షాపుకి మొదటిసారి వెళ్ళింది మా అమ్మాయి పుట్టినరోజుకి. ఆ అనుభవం ముందు చెప్పాలి. గోడ మీద నల్లబోర్డు, అన్నీ ఇంగ్లీషు పేర్లు. కళ్ళజోడు పెట్టుకుని చూసినా నాకు తెలిసిన పేరు ఒక్కటీ కనబడలేదు. "ఫిల్టర్ కాఫీ ఉందా బాబూ?" అని అడిగాను. కౌంటర్లో ఉన్నబ్బాయి పక్కనున్న అమ్మాయి వైపు చూసి ఒక నవ్వు నవ్వాడు. మాట ఏమీ అనలేదు, ఆ నవ్వు చాలు. మా అమ్మాయే ఏదో చెప్పింది. గాజు గ్లాసులో నల్లగా, పాలు లేకుండా వచ్చింది. ఒక గుక్క తాగితే చింతపండు నీళ్ళల్లే పులుపు. పంచదార అడిగాను. "ఈ కాఫీలో పంచదార వేసుకోకూడదు మేడమ్" అన్నాడు. "అమ్మా, ఇక్కడ అలా అడక్కూడదే" అని మా అమ్మాయి నా చెవిలో గొణిగింది. 280 రూపాయలు! వదిలేస్తే డబ్బు దండగ అని మందు మింగినట్టు మొత్తం తాగాను. ఇంటికొచ్చి, "ఇవి మనలాంటివాళ్ళకి కాదులే" అనేసుకున్నాను.

డబ్బు పోయినందుకు బాధ లేదు. నా కూతురు నన్ను చూసి సిగ్గుపడింది, అది గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా కాఫీ పెడుతున్నదాన్ని, కాఫీ గురించి ఏమీ తెలియనిదాన్నయిపోయాను.

రెండో షాపు గురించి ఇప్పుడు చెప్తాను. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులకి ఫిజియోథెరపీ రాశారు. వారానికి మూడు రోజులు, గంటసేపు. లోపలికి కూడా ఎవరినీ రానివ్వరు. ఒకరోజు బయట కుర్చీలన్నీ నిండిపోయాయి, పైన వాన. పక్క సందులోకి పరుగెత్తి, ఎదురుగా తలుపు కనిపిస్తే దూరిపోయాను. చూస్తే కాఫీ షాపు! మళ్ళీ బయటికి వెళ్దామంటే వాన. ఆ కుర్రాడు ముందు ఒక న్యాప్‌కిన్ల కట్ట నా ముందు పెట్టి, తల తుడుచుకోమన్నాడు. తరవాత అడిగాడు ఆ ప్రశ్న.

నేను "ఎలా ఉన్నా ఫర్వాలేదు" అన్నాను కదా. అతను నవ్వలేదు. "ఇంట్లో ఎలాంటిది తాగుతారండీ? చేదు ఇష్టమా? పాలు ఉండాలా?" అని ఒక్కొక్కటే అడిగాడు. నాకు ధైర్యం వచ్చి, పోయినసారి తాగిన పులుపు నీళ్ళ సంగతి చెప్పాను. "తప్పు మీ నాలుకది కాదండీ" అన్నాడు. గింజని తక్కువ వేయిస్తే పండులోని పులుపు నిలుస్తుందట, ఎక్కువ వేయిస్తే చేదు పెరుగుతుందట. పొడి మరీ బరకగా ఉన్నా, నీళ్ళ వేడి చాలకపోయినా సారం సరిగ్గా దిగక ఉత్త పులుపే నాలుక్కి తగులుతుందట. వేరుశనగ గింజలు వేయించేవాళ్ళకి ఇది చెప్పాలా? ఒక నిమిషం అటూ ఇటూ అయితే పచ్చడి రుచే మారిపోదూ! కాఫీ గింజ కూడా అంతేనని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు, ఎందుకంటే నేనెప్పుడూ గింజని చూడలేదు. ప్యాకెట్టే చూశాను.

రెండు సీసాలు మూతలు తీసి వాసన చూడమన్నాడు. ఒకదానిలో ఎండు ద్రాక్ష వాసన, ఇంకోదానిలో వేయించిన పప్పుల వాసన. తరవాత చిన్న త్రాసు మీద 15 గ్రాముల పొడి తూచాడు. కాగితం ఫిల్టర్లో వేసి, పొడి తడిసేంత వేడినీళ్ళు పోసి అర నిమిషం ఆగాడు. పొడి బూరెలా పొంగింది. అప్పుడు సన్నటి ధారగా మిగతా నీళ్ళు పోశాడు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. చిన్న కప్పులో సగం పోసి, "ముందిది రుచి చూడండి. నచ్చకపోతే మార్చి ఇస్తాను" అన్నాడు.

నచ్చలేదు. ఆ మాట పైకి అనడానికి ఎంత కష్టపడ్డానో! మనకి ఎవరైనా ఏదైనా పెడితే "బాగుంది" అనడమే తెలుసు. పెళ్ళిచూపుల్లో చీర నుంచి ఆసుపత్రిలో మంచం దాకా అన్నీ బాగానే ఉంటాయి మనకి. చివరికి, "కొంచెం పల్చగా అనిపిస్తోంది" అన్నాను. కొంచెం ఎక్కువ వేయించిన గింజతో, పాలు పోసి ఇంకోటి చేసి ఇచ్చాడు. పక్కన పంచదార పొట్లం, నేను అడక్కుండానే పెట్టాడు. విచిత్రం ఏమిటంటే అది విప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ గింజలు మన అరకు వైపువే. నా చిన్నప్పుడు రైల్లో, సొరంగాలు వచ్చినప్పుడల్లా అరుచుకుంటూ అరకు వెళ్ళాం. నేను ఆ కొండవాలు తోటల్ని చూసి అడవి అనుకున్నాను. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. ఎక్కువగా ఆదివాసీ కుటుంబాల చిన్న చిన్న తోటలే. చలికాలంలో పండ్లు కోస్తారు. అన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఎర్రగా పండినవి మాత్రమే ఏరుతూ, అదే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. ఏరే చేతుల్లో ఆడవాళ్ళవి చాలా ఉంటాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకి మూడు గంటల దూరంలో పండేదాని గురించి నలభై అయిదేళ్ళకి, వాన పుణ్యమా అని తెలుసుకున్నాను. ఇంటికెళ్ళి మా కాఫీపొడి ప్యాకెట్ తిప్పి చూస్తే, కాఫీ 60 శాతం, చికోరీ 40 శాతం అని రాసి ఉంది. చికోరీ అంటే ఒక మొక్క వేరు. అది తప్పని కాదు, చిక్కదనం దానితోనే వస్తుంది. కానీ రాసి ఉన్నది నేను ఎప్పుడూ చదవలేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. ఒకే రకం షాపులు, ఇంచుమించు ఒకే ధర. ఒకచోట నన్ను చిన్నబుచ్చారు, ఒకచోట నాకు ఒక విద్య నేర్పారు. తేడా కాఫీలో లేదు. తెలిసినవాడు తెలియనివాళ్ళతో ఎలా మాట్లాడాడన్న దాంట్లో ఉంది. చీరల షాపులో నేత తెలిసినాయన, "మీకిది అర్థం కాదమ్మా" అంటే మనం ఒక్క చీరైనా కొంటామా? యాభై చీరలు పరిచి, పోగు పట్టుకుని చూపిస్తాడు కాబట్టి కొంటాం. ఈ షాపులు పెట్టుకున్న పిల్లలకి అమ్మలాంటిదాన్నని చెప్తున్నాను. బోర్డు మీద నాలుగు ముక్కలు తెలుగులో రాయండి. పంచదార అడిగితే ఇచ్చేయండి. వీపు ఆనించుకునే కుర్చీ ఒక్కటైనా వెయ్యండి. ఆ ఎత్తు స్టూళ్ళ మీద మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేరు.

"కప్పు కాఫీకి రెండువందల పైనా? ఆ డబ్బుతో పావుకిలో పొడి వస్తుంది" అని మీలో కొందరు అంటారని నాకు తెలుసు. నేనూ ఆ లెక్క వేసుకునే తాగాను. చాలా ఇళ్ళలో అది రెండు రోజుల కూరల డబ్బు. వారం వారం వెళ్ళమని నేను చెప్పను. కానీ ఒకటి గమనించాను. మా నాన్న తన జీవితమంతా సాయంత్రం హోటల్లో కాఫీ తాగి, స్నేహితులతో కబుర్లాడి ఇంటికొచ్చేవాడు. దాన్ని ఎవరూ దండగ అనలేదు. మా అమ్మ హోటలుకి వెళ్ళిందంటే నాన్నతోనే, "ఫ్యామిలీ రూమ్" అని రాసున్న కర్టెన్ వెనక్కే. ఒంటరిగా ఒక బల్ల దగ్గర కూర్చుని, వేరేవాళ్ళు చేసిచ్చిన కాఫీ వేడిగా తాగడం ఆవిడకి ఎప్పుడూ జరగలేదు. నాకు నలభై అయిదో ఏట జరిగింది. అదీ వాన వల్ల.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రోజు అత్తయ్యగారు, "ఎక్కడికెళ్ళావమ్మా?" అంటే, "మందుల షాపులో ఆలస్యమైంది" అన్నాను. కాఫీ తాగినందుకు అబద్ధం! తరవాత రెండుసార్లు వెళ్ళినప్పుడూ అదే అబద్ధం. ఇంక మనసొప్పక, ఫిజియోథెరపీ ఆఖరి రోజున ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అక్కడికే తీసుకెళ్ళాను. స్టూలు చూసి ఆవిడ వెనక్కి తగ్గితే, ఆ కుర్రాడు లోపల తను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"మామ్మగారూ, మీకు కాఫీ ఎలా ఉండాలండీ?"

ఆవిడకి పల్చగా అని నేను చెప్పబోతున్నాను. ఆవిడే అందుకున్నారు. "చిక్కగా ఉండాలి నాయనా. మా అమ్మ గింజలు వేయించి, దంచి పెట్టేది. అలాగ. పంచదార వద్దు."

నేను నోరు తెరుచుకుని చూశాను. "అదేంటి అత్తయ్యా, మీకు పల్చగా కదా ఇష్టం?"

"ఇష్టమని ఎవరన్నారు? మొదటి డికాషన్ మీ మావయ్యగారికీ, పిల్లలకీ, వచ్చేపోయేవాళ్ళకీ సరిపోయేది. ఫిల్టర్లో మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది నాది. నువ్వొచ్చేసరికి నాకదే ఇష్టమని అందరూ అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి నేనూ అదే అనుకున్నాను."

ఆవిడ ఏమీ కష్టపెట్టుకుని అనలేదు, మామూలుగానే చెప్పారు. నాకే ఆ కాఫీ గొంతు దిగలేదు. ఇరవై రెండేళ్ళు రోజుకి రెండుసార్లు ఆవిడకి ఇష్టంలేని కాఫీ, ఎంతో శ్రద్ధగా, మర్చిపోకుండా కలిపి ఇచ్చాను. నన్ను ఎవరూ అడగలేదని అంతవరకూ బాధపడుతున్నాను కదా, నేను మాత్రం ఎవరిని అడిగాను? కాపరానికి వచ్చిన రోజు మావయ్యగారు, "మీ అత్తయ్యకి పల్చగా ఇవ్వమ్మా" అన్నారు. అంతే, అదే శాసనం. ఇంతకీ నేను తాగేది కూడా రెండో డికాషనే అని అప్పుడే గుర్తొచ్చింది.

అందుకే మా అమ్మాయి చల్ల కాఫీ కావాలని తెగేసి అడిగితే ఇప్పుడు నాకు కోపం రావడం లేదు. దాని నాలుక ఏమంటోందో దానికి తెలుసు. అడక్కూడదని నాకు చెప్పిన పిల్లే, పోయిన వారం నాతో ఆ షాపుకి వచ్చి, నేను "ఇంకొంచెం చిక్కగా చెయ్యి బాబూ" అంటుంటే వింటూ కూర్చుంది. ఏమీ గొణగలేదు.

ఆ షాపులోనే పావుకిలో గింజలు కొని, మన స్టీలు ఫిల్టర్‌కి సరిపడేలా పొడి పట్టించుకొచ్చాను. ఇంకో చిన్న ఫిల్టర్ కూడా కొన్నాను. సాయంత్రం నాలుగింటికి అందులో దిగేది అత్తయ్యగారికీ నాకూ. రెండోసారి నీళ్ళు పొయ్యడం లేదు. మొన్న మావారు పొరపాటున ఆ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, "ఇదేంటి, ఇలా ఉంది?" అన్నారు.

"అది మీది కాదు, ఇటివ్వండి" అన్నారు అత్తయ్యగారు.

రేపు పొద్దున్న మీ ఇంట్లో రెండో డికాషన్ ఎవరి గ్లాసులోకి వెళ్తోందో ఒకసారి చూడండి. అది మీ గ్లాసే అయితే మీరు చెప్పండి. ఇంకొకరిదైతే వాళ్ళని అడగండి.