విలన్ బొమ్మ కూడా కొనివ్వండి



మా అబ్బాయి నాలుగో తరగతి. కిందటి పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే స్కెలిటర్ యాక్షన్ ఫిగర్ కావాలన్నాడు. హీ-మ్యాన్ కథలో విలన్ అది. నీలం ఒళ్ళు, పుర్రె ముఖం, చేతిలో పొట్టేలు పుర్రె తగిలించిన కర్ర. "పుట్టినరోజు పూట ఇదేం బొమ్మ?" అంది మా అమ్మ. నాకూ నచ్చలేదు. హీ-మ్యాన్‌ను కొనిచ్చి ఊరుకున్నాను. వాడు రెండు రోజులు ఆడి పక్కన పెట్టేశాడు. "ఒక్కడే ఎవరితో ఫైట్ చేస్తాడు నాన్నా?" అన్నాడు.

నెల తర్వాత స్కెలిటర్ కూడా ఇంటికొచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం గదిలోంచి మాటలు వినిపించాయి. "ఎన్ని మార్కులొచ్చాయి? మిగతా మూడు మార్కులు ఎక్కడ పోయాయి?" అని స్కెలిటర్ హీ-మ్యాన్‌ను నిలదీస్తున్నాడు. ఆ మాటలు నావే. యూనిట్ టెస్ట్ పేపర్ ఇంటికొచ్చిన ప్రతిసారీ నేను అడిగేవే. హీ-మ్యాన్ ఏమంటాడోనని తలుపు దగ్గరే ఆగాను. "అన్నీ వచ్చు. టైమ్ చాల్లేదు. నువ్వు అరిస్తే భయమేస్తుంది" అన్నాడు. ఆ మాట మా వాడు నాతో ఎప్పుడూ అనలేదు.

విలన్ బొమ్మతో ఆడితే పిల్లలు చెడిపోతారని మనం భయపడతాం. పిల్లలు తమ భయాన్నీ కోపాన్నీ ఆ బొమ్మకు అప్పగించి, హీరో చేత జవాబు చెప్పిస్తారని నాకు ఆ రోజు అర్థమైంది. 'లవకుశ'లో రాముడిగా మనం దండం పెట్టుకున్న ఎన్టీఆరే, అంతకు రెండేళ్ల ముందు, 1961లో, 'సీతారామ కల్యాణం'లో రావణుడు. ప్రతినాయకుడు లేకుండా మన కథలూ నడవలేదు.

అలాగని అడిగినవన్నీ కొనమని కాదు. ఈ వ్యాపారం సంగతి కూడా తెలుసుకోవాలి. హీ-మ్యాన్ బొమ్మలు 1982లో ముందు అంగళ్ళకు వచ్చాయి, టీవీ కార్టూన్ 1983లో వెనకాల వచ్చింది. 1977లో 'స్టార్ వార్స్' బొమ్మలు క్రిస్మస్‌కు తయారు కాకపోతే, అమెరికాలో కెన్నర్ కంపెనీ బొమ్మలు తర్వాత పంపుతామన్న కాగితం పెట్టిన కవరునే అమ్మింది. ఆ ఆశను కూడా జనం డబ్బిచ్చి కొన్నారు. "సెట్ పూర్తి కావాలి" అని మన పిల్లలు పేచీ పెడితే, ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టింది ఎవరో గుర్తుంచుకుందాం.

నా సలహా ఇది. ఒక హీరో, ఒక విలన్, ఆ జత చాలు. బొమ్మ మీద ఐఎస్‌ఐ మార్కు ఉందో లేదో చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. మూడేళ్ళలోపు చిన్నవాళ్ళుంటే విడి భాగాలు అందకుండా దాచండి. స్కూల్ బ్యాగులో మాత్రం పెట్టనివ్వకండి. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న పోటీ క్లాసులో మొదలైతే, లేనివాడు చిన్నబుచ్చుకుంటాడు.

పెద్దవాళ్ళు కొందరు బాగా ధర పలుకుతుందని డబ్బా విప్పకుండా దాస్తారు. పిల్లల బొమ్మకు ఆ లెక్క వద్దు. విప్పి ఇవ్వండి, చెయ్యి విరిగినా పరవాలేదు. వాళ్ళు ఆడుకుంటున్నప్పుడు ఓ పది నిమిషాలు, మధ్యలో కల్పించుకోకుండా వినండి.

నేను ఆ మార్కుల ప్రశ్న అడగడం మానేశాను. ఈమధ్య స్కెలిటర్ కూడా అడగడం లేదు.